డ్రమ్ము తీసినవాడు

గంజ్ చౌరస్తాలో సిగ్నల్ పెట్టి నాలుగేళ్లయింది. మొదటి ఏడాది అది పనిచేసింది. తర్వాత నుంచి రోజులో ఏదో ఒక వేళ నాలుగు దిక్కులా ఒకేసారి పచ్చ లైటు వెలిగేది. రెండు మూడు నిమిషాలు అట్లాగే ఉండేది. ఏ వేళ అన్నది ఎవరూ చెప్పలేకపోయేవారు.

చౌరస్తా మూల మీద మిర్చి బజ్జీలు వేసే గంగయ్య ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి రోడ్డు మధ్యలో పెట్టాడు. డ్రమ్ము ఉంటే సిగ్నల్‌ను నమ్మవద్దని అర్థం. పట్టణానికి ఈ సంగతి వారంలో తెలిసిపోయింది. జనం లైట్ల వైపు చూడటం మాని, డ్రమ్మును చూసి, నాలుగు పక్కలా చూసుకొని, హారన్ కొట్టి దాటేవారు. ఎప్పుడైనా మెకానిక్ వచ్చి డబ్బా తెరిచి సరిచేస్తే గంగయ్య డ్రమ్మును పక్కకు జరిపేవాడు. పది రోజులకు మళ్లీ పెట్టేవాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా డ్యూటీకి వచ్చి ముందు డ్రమ్ము ఎక్కడుందో చూసుకునేవాడు.

ఏప్రిల్‌లో, హనుమాన్ జయంతికి ముందు రోజు, మాల వేసుకున్న స్వాములు ఆ దారిన కొండగట్టుకు నడిచి వెళ్తున్నారు. గంగయ్య వాళ్లకు ఏటా నీళ్లు పోస్తాడు. ఈసారి నీళ్ల తొట్టి పగిలింది. అతను రోడ్డు మీది డ్రమ్మును తెచ్చి, కడిగి, నీళ్లు నింపి, బజ్జీల బండి పక్కన పెట్టాడు.

పదీ నలభైకి రాజం మోపెడ్ మీద చౌరస్తాకు వచ్చాడు. అతను మరమగ్గాల మీద పనిచేస్తాడు, రోజూ అదే దారి. డ్రమ్ము కనిపించలేదు. లైటు పచ్చగా ఉంది. సిగ్నల్ బాగైందనుకొని ఉంటాడు. నేరుగా దాటబోయాడు. అడ్డంగా లక్ష్మణ్ కారు వచ్చింది. లక్ష్మణ్‌ది ఆదిలాబాద్ జిల్లా బోథ్. పదకొండేళ్లుగా షార్జాలో డ్రైవరు. సెలవు మీద వచ్చి, బావమరిది కారులో కరీంనగర్ వెళ్తున్నాడు. అతనికీ పచ్చ లైటే. షార్జాలో పచ్చ లైటు పడ్డాక అతను పక్కకు చూసి ఎరగడు. ఇక్కడా చూడలేదు.

కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతుండగా రాజం చనిపోయాడు.

పోలీసుల పంచనామాలో కారు వేగంగా వచ్చిందని, మోపెడ్ ఎర్ర లైటు దాటిందని ఉంది. లక్ష్మణ్ మీద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు పెట్టారు. చచ్చినవాడిదీ తప్పే, బతికినవాడిదీ తప్పే. ఆ కాగితంలో తప్పు లేనిది సిగ్నల్ ఒక్కటే.

లక్ష్మణ్ పాస్‌పోర్టును ఎస్సై తీసుకొని స్టేషన్ బీరువాలో పెట్టాడు. మే ఇరవై నాలుగులోగా డ్యూటీలో చేరకపోతే వీసా రద్దు చేస్తామని కంపెనీ రాసింది.

లక్ష్మణ్ ముప్పై ఐదు రోజులు తిరిగాడు. బోథ్‌లో పొద్దున బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి ఈ పట్టణంలో దిగేవాడు. ట్రాఫిక్ పోలీసులు సిగ్నల్ మున్సిపాలిటీదన్నారు. మున్సిపాలిటీ వాళ్లు కాంట్రాక్టరుదన్నారు. స్తంభాల మీద ప్రకటనలు పెట్టుకునే హక్కుకు బదులుగా ఆ కాంట్రాక్టరు సిగ్నల్ పెట్టాడు. అతని ఫోను మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. నాలుగేళ్లలో స్తంభం మీది బంగారు నగల ప్రకటన ఒక్క రోజూ ఆరిపోలేదు.

చివరికి లక్ష్మణ్ బజ్జీల బండి దగ్గరికి వచ్చాడు.

"కాకా, నువ్వొక్కనివే మొత్తం చూసినవ్. ఇద్దరికీ పచ్చనే ఉండెనని సార్ల ముందట చెప్పు. చాలు."

"నాకెందుకు బిడ్డా గా కచేరీలు? ఆఫీసు మెట్లు ఎక్కితెనే నా నోరు ఎండుకపోతది."

"నీకేం గాదు కాకా. నాది జిమ్మేదారి."

గంగయ్య జల్లిగరిటెతో బజ్జీలు తీసి పళ్లెంలో పోశాడు. "రాజం పెండ్లాం ఐలవ్వ గూడ గిదే అడిగింది. మా ఆయన రెడ్ లైట్ల పోయే మనిషి గాదే, జర జెప్పరాదే అని. సరే, వస్త తియ్యి. ముందు ఇవి తిను. షార్జాల దొరుకుతయా?"

"దొరుకుతయ్ గాని, గింత కారం ఉండదు."

"కారం లేంది బజ్జెట్లయితది? గారె అయితది."

మే ఇరవై ఒకటిన మున్సిపల్ ఆఫీసులో విచారణ పెట్టారు. ఇంజనీరు రామచంద్రం, ఎస్సై, రాసుకోవడానికి ఒక గుమాస్తా. ఇటు లక్ష్మణ్, ఐలవ్వ, గంగయ్య. గంగయ్య ఉతికిన ధోవతి కట్టుకొని వచ్చాడు.

"ఏం చూసినవో చెప్పు," అన్నాడు ఇంజనీరు.

"నాలుగు దిక్కుల పచ్చనే ఉండె సారూ. కారుకూ పచ్చనే, రాజానికీ పచ్చనే. ఇద్దరిది తప్పు లేదు."

"అంతకుముందు కూడా అట్లా వెలిగేదా?"

"మూడేండ్ల సంది గంతే. మీకు తెల్వదా సారూ? మీరు గూడ రోజు హారన్ కొట్టుకుంటనే పోతరు గదా."

గుమాస్తా తల వంచి నవ్వు ఆపుకున్నాడు.

"మరి మూడేళ్లలో ఒక్క యాక్సిడెంటూ ఎందుకు కాలేదు?"

ఈ ప్రశ్నకు జవాబు గంగయ్యకు తెలుసు. నిటారుగా కూర్చున్నాడు. డ్రమ్ము ఎట్లా తెచ్చాడో, లారీ గుద్ది పోకుండా లోపల ఇసుక ఎట్లా నింపేవాడో, గాలివానకు పడిపోతే ఎట్లా పరుగెత్తి లేపేవాడో చెప్పాడు. ఆ మాటలు చెప్పేటప్పుడు అతని నోరు ఎండిపోలేదు.

"ఆ రోజు డ్రమ్ము ఉందా?"

"లేదు సారూ. స్వాములకు నీళ్ల కోసం నేనే తీసిన."

ఇంజనీరు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎవర్నడిగి తీసినవ్?"

"ఎవర్నడగాలె సారూ? నా డ్రమ్మే గదా."

ఆ మాటను ఉన్నదున్నట్టు రాయమని ఇంజనీరు గుమాస్తాకు చెప్పాడు. గంగయ్యతో వేలిముద్ర వేయించుకొని, బయట బల్ల మీద కూర్చోమన్నాడు. గంగయ్య అందరికీ దండం పెట్టి వెళ్లాడు.

అరగంటలో కొత్త కాగితం టైపు అయి వచ్చింది. ఎస్సై చదివాడు. చౌరస్తాలో మూడేళ్లుగా ఉన్న హెచ్చరిక వస్తువును గంగయ్య అనే వ్యక్తి అనుమతి లేకుండా తొలగించాడు. ఆ కారణంగానే ప్రమాదం జరిగింది. మృతుడి తప్పు లేదు. కారు డ్రైవరు తప్పు లేదు.

"మా ఆయన రెడ్ లైట్ల పోయిండని రాసింది కొట్టేసిన్రా?" అడిగింది ఐలవ్వ.

"కొట్టేసినం."

ఎస్సై చూపించిన చోట ఆమె సంతకం పెట్టి, కొంగుతో మొహం తుడుచుకొని వెళ్లిపోయింది.

"నీ వంతు," ఎస్సై కాగితాన్ని లక్ష్మణ్ ముందుకు తోశాడు. డ్రమ్ము ఉండి ఉంటే తాను కారు ఆపేవాడినని లక్ష్మణ్ చెప్పినట్టు అందులో ఉంది.

"డ్రమ్ము సంగతి నాకు తెల్వనే తెల్వదు సార్. నాది బోథ్."

"ఇప్పుడు తెలిసింది గదా."

"మరి సిగ్నల్ సంగతి?"

"ఏ సిగ్నల్?" అన్నాడు ఇంజనీరు. "కాంట్రాక్టరు దాన్ని మాకు అప్పగించలేదు. మా రికార్డు ప్రకారం ఆ చౌరస్తాలో సిగ్నల్ లేదు. ఉన్నది డ్రమ్ము."

లక్ష్మణ్ అతని మొహంలోకి చూశాడు. ఇంజనీరు నవ్వలేదు. అతను ఆ మాటను నమ్మే చెబుతున్నాడు.

"ముసలోడు, సార్. జైల్ల ఏస్తరా?"

"బెయిలిస్తరు," అన్నాడు ఎస్సై. "కేసు పదేండ్లు నడుస్తది. గప్పటిదాక ఆయన ఉండాలె గదా. నువ్వు ఫికర్ చెయ్యకు, షార్జా."

ఎస్సై బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి కాగితం పక్కన పెట్టాడు. దాని మీద చెయ్యి మాత్రం తీయలేదు. లక్ష్మణ్ గోడ మీది క్యాలెండరు చూశాడు. మూడు రోజులున్నాయి.

"సంతకం తెలుగుల పెట్టాల్నా, ఇంగ్లీషులనా?"

"ఎట్లయినా చెల్లుతది."

లక్ష్మణ్ సంతకం పెట్టాడు. ఎస్సై చెయ్యి తీశాడు.

బయట గంగయ్య బల్ల చివర కూర్చొని ఉన్నాడు. లక్ష్మణ్‌ను చూసి లేచాడు.

"అయిపాయెనా బిడ్డా? నేను జెప్పింది అక్కరకొచ్చిందా?"

"వచ్చింది కాకా."

"తడబడ్తనేమో అని మస్తు భయమయింది. డ్రమ్ము ముచ్చట అడిగెటాళ్లకు ధైర్యమొచ్చింది. మంచిగ చెప్పిన్నా?"

లక్ష్మణ్ పాస్‌పోర్టును చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్ కాకా."

లోపలి నుంచి ఎస్సై, గంగయ్యను పేరు పెట్టి పిలిచాడు. "సార్ ఇంకేమన్న అడుగుతడేమో," అంటూ గంగయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. లక్ష్మణ్ మెట్లు దిగాడు.