కమాన్ పట్టీ కత్తి

ఆ ఆఫీసులో కొమురమ్మ ఆరేళ్లుగా నేల తుడుస్తోంది. అందరూ ఆమెను పేరు లేకుండానే పిలిచేవారు. కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు భరత్ ఒక్కడే "అక్కా" అనేవాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు అతనంటే ప్రాణం.

ఒకరోజు అతను డీలాపడి కూర్చున్నాడు. టీమంతా వచ్చే వారం శనివారం అనంతగిరి అడవికి పోతోంది. డేరా, కత్తి, పొయ్యి ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

"షాపులో కత్తొకటే నాలుగు వేలు చెప్తాండారక్కా. నా జీతం ఇంటికే చాలదు. పోకపోతే వీళ్లలో చులకనైపోతా."

"కత్తికి నాలుగు వేలా? మా తమ్ముడు ఓదెలు బాలానగర్ల వర్క్‌షాపుల చేస్తడు. లారీ కిందుండే ఉక్కు కమాన్ పట్టీ తోని కొట్టిస్తడు. మీరు ఫికర్ చెయ్యకున్రి సార్."

"పిడి జర లావుగా ఉండాలక్కా" అన్నాడతను, ఆమె యాసనే అరువు తెచ్చుకుని నవ్వుతూ.

చినిగిన ప్రకటన ఫ్లెక్సీని రెండు మడతలేసి డేరాగా కుట్టించింది. ఖాళీ రంగు డబ్బాకు చిల్లులు కొట్టించి పొయ్యి చేయించింది. ఆదివారం బాలానగర్ వెళ్లి, ఎర్రగా కాలిన పట్టీ కత్తిగా సాగేదాకా తమ్ముడి పక్కనే కూర్చుంది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. శుక్రవారం పొద్దున మూట నెత్తిన పెట్టుకుని కొత్తగూడ నుంచి నడిచే వచ్చింది. ఆ రోజు ఊరేగింపు ఆ రోడ్డు మీదుగా వస్తుందని గేటు దగ్గర అందరి సంచులూ వెతుకుతున్నారు. కత్తి బయటపడింది. మేనేజర్ రంగనాథ్‌ను పిలిచారు.

"భరత్ సార్ కోసం తెచ్చిన" అంది కొమురమ్మ.

భరత్ కిందికొచ్చాడు. కత్తిని చూశాడు, రంగనాథ్‌ను చూశాడు. అతని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"డేరా ఏదన్నా దొరుకుతుందా అని అడిగినా సార్, అంతే. కత్తి సంగతి నాకు తెలీదు."

"పిడి లావుండాలని మీరే అన్నరు గద సార్" అంది ఆమె మెల్లగా. అతను ఫోన్‌లోకి తల వంచాడు.

"బయట ఉద్యమం, లోపలికి కత్తులు. పోలీసులకు చెప్పడం లేదు, సంతోషించు" అని రంగనాథ్ ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీయించాడు.

డేరా, పొయ్యి గేటు దగ్గరే ఉండిపోయాయి. సాయంత్రం భరత్ అవి పట్టుకుపోయాడని తోటి పనిమనిషి పార్వతమ్మ తర్వాత చెప్పింది.

ఓదెలు మండిపడ్డాడు. "పోయి అడుగుదాం పా అక్కా. పదిమందిని తీస్కొస్త."

"ఏమని అడుగుతవ్‌రా? కత్తి మనదే గద."

నెల దాటాక తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లింది.

"ఇంతకుముందు ఎక్కడ చేశావు?" అని అడిగాడు అక్కడి సూపర్‌వైజర్.

ఆఫీసు పేరు చెబితే ఫోన్ చేసి కనుక్కుంటాడు.

"యాడ చెయ్యలే సార్. గిదే మొదలు."

"ఈ వయసులోనా?" అని నవ్వి, కొత్తవాళ్ల జీతం రాసి, చీపురు ఎలా పట్టుకోవాలో ఆమెకు నేర్పడం మొదలుపెట్టాడు. కొమురమ్మ తల ఊపుతూ నిలబడింది.