ఎడమ వైపు చుక్క

వాన వెలిసింది.

కిటికీ బయట, కరెంటు తీగ మీద ఒక్క చుక్క వేలాడుతోంది. రాలదు. ఆరదు. గాలొస్తే వణుకుతుంది, అంతే.

మలంచా రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ల్యాబు లోపల, పరదా వెనక బల్ల మీద జోగమ్మ — జాకెట్టు హుక్కులు విప్పి, పైట దగ్గరగా పట్టుకుని. ఎదురుగా తబిత — ముఖానికి మాస్కు, చేతులకి గ్లవ్స్, వేళ్ళ మధ్య గాజు స్లైడు. దాని అంచున పెన్సిల్‌తో ముందే రాసేసింది. జోగమ్మ. ఎడమ.

ఎడమ...

తబితని కని, కామెర్లతో తల్లి దోర్కా రైల్వే ఆసుపత్రిలో పడి ఉంటే, పూరీ గేట్ క్వార్టర్లలో పక్కింటి జోగమ్మే ఆ బిడ్డని ఒళ్లోకి తీసుకుంది. అప్పటికి తన బుజ్జిబాబు కూడా చంటివాడే. కుడిది వాడికి. ఎడమది తబితకి. వర్క్‌షాపు నుంచి వచ్చిన నూకరాజు పెళ్ళాన్ని చూసి, "అప్ లైనూ బిజీ, డౌన్ లైనూ బిజీ" అనేవాడట.

ఇప్పుడు ఆ డౌన్ లైనులోనే ఎర్ర సిగ్నల్.

కొన్నాళ్ళుగా జాకెట్టు మీద మరక. టీ డికాక్షన్ రంగు... కాస్త ఎరుపు. నొప్పి లేదు. జోగమ్మ ఎవరికీ చెప్పలేదు. దండెం మీద ఆరేసిన జాకెట్టే తబితకి చెప్పింది. డాక్టరమ్మ రొమ్ము నుంచి వచ్చే ఆ చుక్కని పరీక్ష చేయించమంది. అందులో ఎలాంటి కణాలున్నాయో చూస్తే — క్యాన్సరో, కాదో, కొంత తెలుస్తుంది.

ఒక్క చుక్క చాలు.

ఆ ఒక్క చుక్కే రావడం లేదు.

అంచు నుంచి మధ్యకి మెల్లగా ఒత్తింది తబిత. రాలేదు. గోరువెచ్చని గుడ్డ పెట్టింది. రాలేదు.

"పెద్దమ్మా... పొద్దున్న ఏటైనా సేసినావా?"

జోగమ్మ కిటికీ వైపు చూసింది.

"తానం సేసి, ఉన్నదంతా పిండేసినాను. సుబ్బరంగా రావొద్దేటే? నీ సేతికి అంటుకుంటాదని..."

పిండొద్దని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పింది! తబితకి కోపమొచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఠీక్ హై, ఆగుదాం అనుకుంది.

ఆగారు. యార్డులో ఎక్కడో షంటింగ్ ఇంజను కూత. తలమీద ఫ్యాను గొణుగుడు. తడిసిన ఎర్రమట్టి వాసన. మళ్ళీ వెచ్చని గుడ్డ. మళ్ళీ వేళ్ళు — భయంభయంగా...

"ఏటే, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటావు! పళ్ళు రానప్పుడే ఇంతకన్నా గట్టిగా లాగీదానివి. మా బుజ్జిబాబు నయం. నీకు ఓపిక నేదు. రాకపోతే సిగుళ్ళతో కొరికీదానివి."

"పెద్దమ్మా, మెల్లగా... బయట జనం ఉన్నారు."

"ఉంటే? ఆళ్ళేటి, టీ తాగి పెరిగినారా?"

తబితకి నవ్వాగలేదు. జోగమ్మా నవ్వింది — భుజాలు కదిలేలా, బల్ల కిర్రుమనేలా.

ఆ నవ్వులో, వచ్చింది.

చిన్నది. గుండ్రంగా. ఎర్రమట్టి మీద పారిన వాననీళ్ళ రంగు. రాలకుండా, వణుకుతూ.



తబిత స్లైడు ఆనించింది. చుక్క గాజు మీదికి వచ్చింది. మరో స్లైడుతో పల్చగా పరిచింది. ఆరిపోకముందే — ఆరితే పనికిరాదు — స్పిరిట్ సీసాలో ముంచింది. అంతే. ఇంత చిన్న పని.

ఈ రొమ్ము దగ్గర తీసుకోవడం తబితకి కొత్త కాదు. గాజు మీదికి తీసుకోవడం కొత్త.

"ఏటి తెలుస్తాదే అందులో?"

"రంగులెయ్యాలి. డాక్టరమ్మ మైక్రోస్కోపులో సూడాలి. లచ్చివారం సెప్తారు."

"సెప్పనీ."

జోగమ్మ హుక్కులు పెట్టుకుంది. పైట సర్దుకుంది. చెంగు చేత్తో పట్టుకుని తబిత దగ్గరికి వచ్చింది. తన చెమ్మ కళ్ళు తుడుస్తుందేమో అనుకుని, తబిత మాస్కు కిందికి లాగి ముఖం వంచింది.

మూతి తుడిచింది.

పాలు తాగిన బిడ్డకి తుడిచినట్టు. అలవాటుగా... గట్టిగా.

తర్వాత రోడ్డు మీద ఆమె గొంతు — "దాదా! పూరీ గేట్!" ఆటో కదిలిన చప్పుడు.

బల్ల మీద సీసా. సీసాలో స్లైడు.

కిటికీ బయట, తీగ మీద చుక్క.

రాలదు... ఆరదు...

పట్టుకునే ఉంది.