హోబర్ట్ కూర్చున్న వైపు

"ఆర్డిత్! ఓ ఆర్డిత్! బుడగ ఎక్కడుందో చెప్పవేం?"

ట్రక్కు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు ఎమెట్. ఆర్డిత్ తన ట్రైలర్ గుమ్మంలో మోకాళ్ళ మీద వంగి, నేల మీద పెట్టిన రసమట్టం వంక చూస్తోంది. చిన్న గాజు గొట్టం, అందులో పచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక బుడగ. అది కుడి కొసకి పోయి నక్కింది. ట్రైలర్ ఎడమవైపు ఒరిగిందన్నమాట.

"కుడి పక్కనే కూచుంది. నీకంటే మొండిదిలా ఉంది."

"అయితే ఇంకో చెక్క పడాల్సిందే. మీ ఆయన రాత్రి ఏం తిన్నాడు తల్లీ, ఇంత బరువెక్కాడు?"

"నువ్విచ్చిన చేపలే. నాకు తోకలు మిగిల్చాడు."

"ఏవోయ్ హోబర్టూ! పెళ్ళానికి తోకలు పెడతావా?" అని ట్రైలర్ కిటికీకేసి ఒక కేక పెట్టి, ఎమెట్ ట్రక్కుని అడుగు వెనక్కి జరిపాడు. ట్రక్కుతోపాటే దాని వెనక కొక్కేనికి తగిలించిన ఆర్డిత్ ట్రైలర్ కూడా వెనక్కి జరిగి, చెక్కల మీంచి దిగింది. అతను కిందికి దిగి, ఎడమవైపు రెండు చక్రాల ముందూ ఉన్న దొంతరల మీద చెరో చెక్కా పెట్టి, మళ్ళీ ఎక్కి, మెల్లగా ముందుకి లాగాడు. ట్రైలర్ మూలుగుతూ చెక్కలెక్కింది. బుడగ ఉలిక్కిపడి, నిద్ర లేచిన పిల్లలా మధ్యకి నడిచొచ్చింది.

"ఆపు! ఆపు! వచ్చేసింది!"

అతను చక్రాలకి ముందూ వెనకా అడ్డం చెక్కలు బిగించాకే ట్రక్కు కొక్కెం విప్పాడు. ఈ రెండు పనులూ తారుమారు చేసిన ఒకాయన ట్రైలర్ నదిలో ఉంది. నీళ్ళు తగ్గినప్పుడు దాని పైకప్పు కనబడుతుంది. ఆ తర్వాత ముందున్న జాకీ తిప్పి ముందువెనకలు సరిచేశాడు. పక్కలు ముందు, ముందువెనకలు తర్వాత. అంతా అయ్యాక తుమ్మబోయినట్టు ముఖం పెట్టి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

ఆర్డిత్ కాఫీ ఇచ్చింది. కప్పులో కాఫీ ఎటూ ఒరగకుండా నిలబడింది. ఎమెట్ దాని వంక తృప్తిగా చూసుకుని, గబగబా తాగేసి దుంపల యార్డుకి పనికి వెళ్ళిపోయాడు.

ఎల్లోస్టోన్ నది ఒడ్డున, మోంటానా తూర్పు కొసన ఉంది ఆ మకాం. చెట్లు పసుపెక్కే వేళకి ఎక్కడెక్కడి ట్రైలర్లూ అక్కడికి చేరతాయి. అందరూ చక్కెర దుంపల కోతకొచ్చినవాళ్ళే. లారీలు దుంపలు తెచ్చి పోస్తుంటే, కొండలంత కుప్పలు వేయించే పని. కుప్పలు లేచి, చలి ముదిరాక, బాతుల గుంపులు తలమీంచి దక్షిణానికి పోతుంటే వీళ్ళూ వాటి వెనకే అరిజోనా ఎడారికి పోతారు. ఇల్లంటే వాళ్ళకి చక్రాల మీదున్నదే. ఊరంటే ఈ ఏడాది ఎక్కడ మట్టంగా నిలబడితే అదే.

ఆర్డిత్, హోబర్ట్ కూడా ఏళ్ళ తరబడి అలాగే తిరిగారు. మొన్న వసంతంలో హోబర్ట్‌కి ఒంట్లో బాగాలేక ముందే వచ్చి ఇక్కడ ఆగిపోయారు. నది మంచు విడిచి పారే రోజుల్లో, ఎడమవైపు కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చుని, రేడియోలో బేస్‌బాల్ ఆట వింటూ వింటూ హోబర్ట్ పోయాడు. ఊళ్ళోంచి మనుషులొచ్చి శరీరాన్ని తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం ట్రైలర్ ఎడమవైపు ఒరిగింది.

మకాం నడిపే డొరీన్ వచ్చి, ఒరిగిన వైపు చూసి, తల మీద టోపీ తీసింది. "ఇంకా కూర్చునే ఉన్నాడన్నమాట. ఉండనీ. ఆయనకి తొందరేముంది," అంది. అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు. ఇళ్ళున్నవాళ్ళ పెద్దలు గోడల్లో ఉండిపోతారు. వీళ్ళకి గోడలు పల్చన, అందుకని కుర్చీలో ఉంటారు. అలా మనిషి కూర్చుని ఉన్న ట్రైలర్‌ని రోడ్డెక్కించకూడదు, ఇరుసు విరుగుతుంది. దాన్ని ఖాళీ చెయ్యమని అడగనూ కూడదు. ఆ మకాంలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి అది.

హోబర్ట్ బరువు రోజుకోలా ఉండేది. ఆదివారాలు మరీ ఎక్కువ. రేడియోలో ఆట పెడితే కాస్త తేలిక. ఆర్డిత్ కసిరిన రోజున మాత్రం గుమ్మం తలుపు దానంతటదే తెరుచుకునేంత ఒరిగేది. ట్రైలర్ ఒరిగితే పాత గ్యాస్ ఫ్రిజ్ చల్లబడదు. పాలు విరిగిపోయాయి. అప్పుడు ఎమెట్ వచ్చాడు.

ఎమెట్ ఎదుటి వరసలో ఉండేవాడు, ఒంటరి. కిందటి చలికాలం దక్షిణానికి పోకుండా ఇక్కడే ఆగిపోయి, కోత లేని రోజుల్లో దుంపల యార్డులో మరమ్మతులు చేసేవాడు. హోబర్ట్‌తో కలిసి ఎన్నో కోతలు చేసినవాడు. ఆర్డిత్ అప్పటికే తమ ట్రక్కు అమ్మేసింది. ట్రక్కు లేని ట్రైలర్ కాళ్ళు లేని గుర్రం. అందుకని రోజూ పొద్దున్నే తన ట్రక్కు తెచ్చి తగిలించేవాడు.

మొదట ఆర్డిత్ దగ్గరున్న, చక్రాల కింద పెట్టే పసుపు ప్లాస్టిక్ దిమ్మలు చూసి నవ్వాడు. "పిల్లల ఆటబొమ్మల్లా ఒకదాన్లో ఒకటి ఇరుక్కుంటాయి, చూడ్డానికి ముచ్చటే. మెత్తటి మన్నులో కిందకి దిగబడతాయి, చలికి పెళపెళా పగుల్తాయి. రాతినేల మీద పెట్టుకో, ఇక్కడొద్దు."

"మరి ఆ బోలు సిమెంటు ఇటికలున్నాయిగా?"

"అమ్మో! అవి చెప్పి విరగవు. నువ్వు చక్రం దగ్గర చెయ్యి పెట్టినప్పుడే విరుగుతాయి."

"మూలల్లో జాకీలున్నాయి కదయ్యా, వాటితో లేపు!"

"అవి ట్రైలర్ ఊగకుండా పట్టుకోడానికి. ఎత్తడానిక్కాదు. నీ భుజం మీద చెయ్యేశానని, నిన్నెత్తుకుని నదికి తీసుకెళ్ళగలనా?"

అని తనే తడబడ్డాడు. ఆర్డిత్ చెవులు వెచ్చబడ్డాయి. హోబర్ట్ అక్కడే కిటికీ పక్కన ఉన్నాడు. ట్రైలర్ కిర్రుమంది.

చివరికి యార్డులో పాత అటక పలకలు కోసి తెచ్చాడు ఎమెట్. చక్రం కంటే వెడల్పు, రెండు వేళ్ళ మందం, చక్రం ఎక్కడానికి అంచులు ఏటవాలుగా చెక్కినవి. కింద పొడుగువి, పైన పొట్టివి. రెండు చక్రాల కిందా ఒకే ఎత్తు. ఆ చెక్కలకి దేవదారు వాసన ఉండేది. వేసవంతా ఆర్డిత్ ఆ వాసనకే మేలుకునేది.

అలా ఆగస్టు వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆర్డిత్ ఉల్లిపాయలు వేయిస్తోంది. పెనంలో నూనె మట్టంగా నిలబడి ఉంది. ఉన్నట్టుండి ట్రైలర్ అడుగున స్ప్రింగులు హాయిగా ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు చేశాయి. నూనె మెల్లగా కుడి అంచుకి జారింది. ఎడమ పక్క పైకి లేచింది. ఎవరో మోకాళ్ళ మీద చేతులాన్చి, కుర్చీలోంచి లేచి, గుమ్మం దాటి వెళ్ళిపోయినట్టు. గుమ్మం మెట్టు ఒక్కసారి కుంగి, మళ్ళీ సర్దుకుంది.

ఆర్డిత్ గుమ్మంలోకి పరిగెత్తింది. నది మీద ఎండ మెరుస్తోంది. ఎవరూ లేరు.

ఏడవాలనుకుంది, రాలేదు. ఉల్లిపాయలు మాడిపోయాయి. అప్పుడు ఆమెకి రేపు పొద్దున గుర్తొచ్చింది. ఎమెట్ వస్తాడు, బుడగ చూస్తాడు, పై చెక్కలు తీసేస్తాడు, "పోన్లే, పెద్దాయన సుఖంగా వెళ్ళాడు," అంటాడు. ఎల్లుండి నుంచి ఇక రాడు. ఎందుకొస్తాడు? మట్టంగా ఉన్న ట్రైలర్‌తో ఎవరికేం పని?

హోబర్ట్ ఎరల కోసం వానపాములు తవ్వే చిన్న పార మంచం కింద ఉంది. దాన్ని తీసుకుని ఎడమ చక్రాల దగ్గర బోర్లా పడుకుంది ఆర్డిత్. చెక్కల కిందనుంచి గుప్పెడు మన్ను తీసింది. ఇంకో గుప్పెడు. బుడగ మళ్ళీ కుడి కొసకి పోయేదాకా తీసింది. ఆ మన్ను బకెట్లో పోసుకెళ్ళి నదిలో కలిపింది.

మర్నాడు పొద్దున ఎమెట్ వచ్చి రసమట్టం చూసి, "అబ్బో, పెద్దాయన ఇవాళ జోరు మీదున్నాడు," అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

అప్పట్నుంచి ఆమెకి అదే పని. యార్డులో సైరను మోగి మకాం ఖాళీ కాగానే పార తీసేది. గోళ్ళల్లో మన్ను దూరిపోయింది. కుండీల్లో పువ్వులు నాటుతున్నానని ఎమెట్‌తో అంది. కుండీల్లో పువ్వులేవీ పూయలేదు. అతను అడగనూ లేదు. ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఒక్కత్తే అన్నం తింటుంటే, ఆ కుర్చీ నిజంగా ఎంత ఖాళీయో ఆమెకి తెలిసేది. తనకి వెళ్ళొస్తానని కూడా చెప్పని మనిషి కోసమా ఈ తవ్వడం? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా రేడియో గొంతు పెంచేది.

కోత అయిపోయింది. దుంపల కొండలు తెల్లటి ఆవిర్లు కక్కుతూ నిద్రపోయాయి. డొరీన్ ఇంటింటికీ తిరిగి, "శుక్రవారం నీళ్ళు కట్టేస్తున్నా, గొట్టాలు గడ్డకడతాయి," అని చెప్పింది. ఆర్డిత్ దగ్గర మాత్రం మెట్టు మీద కూర్చుంది.

"వచ్చే ఏడు మకాం ఉండదు ఆర్డిత్. నేలంతా కంకరకి తవ్వేస్తున్నారు. అందర్నీ పంపించమన్నారు."

"మరి నేను?"

"హోబర్ట్ లేచేదాకా నిన్నెవరూ కదపరు. ఆ మాట నేను గట్టిగా చెప్పా, వాళ్ళూ ఒప్పుకున్నారు. ఆయన లేచిన రోజున మాత్రం, తల్లీ, లాగుడు బండి వచ్చి నీ ట్రైలర్‌ని పెద్ద రోడ్డు మీద దింపేస్తుంది. ఆ తర్వాత నా చేతుల్లో లేదు. ఎవరైనా ఉన్నారా నీకు?"

ఆర్డిత్ ఆలోచించినట్టు చూసింది. ఆలోచించడానికేమీ లేదు.

"పోనీలే, ఆయన బాగా బరువుగానే ఉన్నాడుగా," అంది డొరీన్, లేస్తూ ట్రైలర్‌ని ప్రేమగా తట్టి. "ఎమెట్ సంగతే నాకు బెంగ. పోయిన చలికి ఆసుపత్రిలో పడ్డాడుగా. ఆ ఊపిరితిత్తులతో ఇంకో చలికాలం ఇక్కడ ఉంటే బతకవని డాక్టరు మొహం మీదే చెప్పాట్ట. తెల్సుగా?"

"తెలీదు," అంది ఆర్డిత్.

"చెప్పలేదా? ఈ చలికాలం ఇక్కడే ఆగిపోతానని నాతో అంటున్నాడు మొండిముండావాడు. మీ ఇద్దర్నీ వదిలి పోలేట్ట."

ఆ రోజు మధ్యాహ్నం ఆర్డిత్ పార పట్టుకుని చక్రాల దగ్గర పడుకుంది గానీ, చాలాసేపు మన్ను తియ్యలేదు. నేల చల్లగా ఉంది. చెవి ఆన్చి వింటే నది వినబడుతోంది. తవ్వకపోతే రోడ్డు మీద పడతాను, ఈ చెక్కల వాసనా ఉండదు, పొద్దున్నే నా పేరు పెట్టి అరిచేవాళ్ళూ ఉండరు. తవ్వితే ఈ చలికి ఎమెట్ చచ్చిపోతాడు. ఎటు చూసినా ఒకటే గొయ్యి. అయినా పిరికిది, ఆ రోజుకీ రెండు గుప్పెళ్ళు తీసింది.

శుక్రవారం పొద్దున ఎమెట్ వచ్చి ఎప్పట్లాగే ఇంకో జత చెక్కలు వేసి వెళ్ళాడు. ట్రైలర్లన్నీ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. వెళ్ళేవాళ్ళు ఆర్డిత్ గుమ్మం ముందు హారన్ కొట్టి, "హోబర్ట్‌ని అడిగామని చెప్పు!" అని చేతులూపారు. ఆమె కూడా ఊపింది. చివరి ట్రైలర్ ఎర్ర దీపాలు పసుపు చెట్ల మలుపులో ఆరిపోయాయి. మకాంలో ఇన్నాళ్ళూ ట్రైలర్లు నిలిచిన చోటల్లా గడ్డి తెల్లగా పాలిపోయి, మనుషులు పడుకుని లేచిపోయిన పక్కల్లా కనబడుతోంది. సన్నగా మంచు మొదలైంది.

ఎదుటి వరసలో ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు.

ఆర్డిత్ చెప్పులతోనే బయటికొచ్చింది. ఎమెట్ తన ట్రైలర్ పక్కన గడ్డిమోపు మీద కూర్చుని, పెద్ద స్పానరుతో చక్రం బోల్టులు విప్పుతున్నాడు. ఒక చక్రం అప్పటికే ఊడి మంచులో పడి ఉంది. ట్రైలర్ చుట్టూ గాలి చొరబడకుండా గడ్డిమోపులు పేర్చాడు. ఒక బోల్టు విప్పడం, దగ్గడం, గుండె పట్టుకుని ఆగడం, మళ్ళీ విప్పడం. అతని పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు?"

"కనబడ్డంలా? చక్రాలు తీస్తున్నా. చలికాలమంతా బరువు మోస్తే టైర్లు చెడిపోతాయి. రేపు నీకూ గడ్డిమోపులు పేరుస్తా."

"అరిజోనా?"

"అరిజోనాకి కాళ్ళొచ్చాయా, ఎక్కడికైనా పోవడానికి? వచ్చే ఏడు చూద్దాం." దగ్గు తెర ఒకటి అతన్ని వంచేసింది. తేరుకుని, కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "నేను పోతే నువ్వు ఆ మూల జాకీలతో ట్రైలర్ని లేపబోతావు. నాకు తెల్సు నీ సంగతి. హోబర్ట్ నన్ను తిడతాడు."

"నీ ఊపిరి..."

"అదెప్పుడూ ఉన్నదే. పెద్దాయన లేవనీ. ఆయన లేచిన మర్నాడే నేనూ పోతా. మాట."

అతను స్పానరు మళ్ళీ బోల్టుకి తగిలించాడు. అది జారింది. మళ్ళీ తగిలించాడు. ఆర్డిత్ వంగి, ఆ చల్లటి ఇనుము మీద తన మన్ను గోళ్ళ చెయ్యి వేసి ఆపింది.

"ఆ చక్రం మళ్ళీ బిగించు ఎమెట్."

"ఎందుకూ?"

"హోబర్ట్ లేడు."

"లేకపోవడమేంటి, పొద్దున్నేగా చెక్కలు వేశాను? కొండంత బరువుతో..."

"ఆగస్టులోనే లేచి వెళ్ళిపోయాడు. నాతో మాటైనా చెప్పలేదు." ఆమె గొంతు మంచులో చిన్నగా, తేటగా వినబడింది. "ఆయన బరువు కాదది. చక్రాల కింద మన్ను నేనే తవ్వుతున్నాను, రోజూ, నువ్వు పనికెళ్ళాక. పొద్దున్నే నువ్వు వస్తావని తవ్వుతున్నాను."