బ్రాకెట్లు తీసేసిన శైలేందర్

సిద్దిపేటలో తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా శైలేందర్‌కు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా జనానికి అర్జీలు టైపు చేసి ఇస్తున్నాడు. కీబోర్డు వైపు చూడకుండా కొడతాడు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతాడు. ఆ కీబోర్డు మీద ఇంకొకరి చెయ్యి పడితే మాత్రం ఒప్పుకోడు.

ఒక మధ్యాహ్నం డిగ్రీ చదివే సాత్విక నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. లెక్కల హోంవర్కు కాలేజీ వెబ్‌సైట్‌లో టైపు చేయాలి. ఐదింటికి గడువు. ఫోన్లో కొడదామంటే గుర్తులు దొరకడం లేదు.

"నేను కొట్టుకుంటా అంకుల్."

"నువ్వు చూపెట్టు బిడ్డా, నేను కొడ్త. గిసొంటివి ఎన్ని చూడలే!"

మొదటి జవాబు చిన్నదే. ఎక్స్‌కు ఒకటి కలిపి, మొత్తాన్ని రెండుతో భాగించాలి. సాత్విక బ్రాకెట్లతో సహా రాసుకొచ్చింది. శైలేందర్‌కు అవి నచ్చలేదు. అర్జీలో అన్ని బ్రాకెట్లుంటే చూడ్డానికి ఏం బాగుంటుంది? వాటిని తీసేసి, శుభ్రంగా కొట్టి, ఎంటర్ నొక్కాడు. తెర మీద ఎర్ర ఇంటూ గుర్తు పడింది. ఈసారి ఖాళీలు సమానంగా వదిలి కొట్టాడు. మళ్లీ ఎరుపే.

"అంకుల్, బ్రాకెట్లేవి?"

"అవెందుకు? సోకుకే గదా."

"సోకు కాదు! ఒక్కో జవాబుకు మూడుసార్లే ఛాన్స్ ఇస్తది, రెండు అయిపోయినయ్." సాత్విక తెర మీద వేలు పెట్టి చూపించింది. "బ్రాకెట్ లేకుంటే ఒకటినే రెండుతోని భాగిస్తది. ఎక్స్ అట్లనే ఉంటది."

శైలేందర్‌కు పోయినేడు కొట్టిన అర్జీ ఒకటి గుర్తొచ్చింది. "ఎల్లయ్య, నర్సయ్య కొడుకులకు భూమి" అని కొట్టిచ్చాడు. భూమి ఎల్లయ్యకా, ఎల్లయ్య కొడుకులకా అని రెండిళ్లవాళ్లు ఆర్నెల్లు మాట్లాడుకోలేదు.

"ఓహో, గిదా సంగతి!" అని బ్రాకెట్లు పెట్టి కొట్టాడు. పచ్చటి టిక్కు పడింది.

అక్కడి నుంచి ఒక్క బ్రాకెట్టూ వదల్లేదు. తొమ్మిదో జవాబు దాకా అన్నీ వరసగా పచ్చబడ్డాయి. పదోది ఎర్రబడింది. శైలేందర్ బ్రాకెట్లను పైకి వినబడేలా రెండుసార్లు లెక్కపెట్టాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సాత్విక నోట్‌బుక్ తిరగేసి నాలుక కరుచుకుంది.

"ప్లస్ ఉండాల్సిన కాడ మైనస్ వేసిన అంకుల్. తప్పు నాదే."

దిద్దగానే టిక్కు పడింది. ఐదింటికి ఇంకా పది నిమిషాలున్నాయి.

"ఏం కాదు బిడ్డా," అన్నాడు శైలేందర్ కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో పెద్ద మనసుతో. "లెక్కలన్నంక తప్పులైతయ్. టైపింగ్ల గావద్దు, అంతే."

మొదటి జవాబుకు పోయిన రెండు ఛాన్సుల మాట సాత్విక ఎత్తలేదు. నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగింది.