వదులుగా పట్టిన టేపు

నేను ఒక కొలత టేపును. ఇప్పుడు అటవీ రేంజి ఆఫీసు బీరువా అడుగున తుప్పుపట్టి పడున్నాను. ఏ కార్ఖానాలో తయారయ్యానో గుర్తులేదు, గుర్తున్నదల్లా చెట్లే. పద్నాలుగేళ్లు వాటిని కావలించుకుని కావలించుకుని నా అంకెలు అరిగిపోయాయి. ఓపికా అరిగిపోయింది.

నన్ను వాడింది సిడాం జంగు, ఆదిలాబాద్ వైపు అడవిలో దినకూలీ వాచరు. ఏటా ఎండాకాలం రెండు చోట్ల చెట్ల చుట్టుకొలత తీసేవాడు. ఒకటి వరసగా నాటిన టేకు తోట. రెండోది దాని పక్కనున్న కలగలుపు అడవి: నల్లమద్ది, ఇప్ప, తునికి, మధ్యమధ్య కాసిని టేకులు. వాళ్లమ్మ ఇప్పపూలు ఏరింది అక్కడే. జంగుకు ఆ అడవంటే ప్రాణం.

వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. కలగలుపు అడవి కొట్టేసి అక్కడా టేకే నాటాలని పైనుంచి ఆలోచన వచ్చింది. కరువులో ఏది బాగా ఎదిగిందో కొలతలు చూసి తేలుస్తామన్నారు. నాకు భయం లేదు, ఎందుకంటే నిజం నాకు తెలుసు. టేకు తోటలో వేళ్లన్నీ ఒకే లోతులో ఒకే తడి కోసం కొట్టుకుని చెట్లు చిక్కిపోయాయి. పక్క అడవిలో ఒకదాని వేరు లోతుకు పోతే ఇంకోటి పైపైన సరిపెట్టుకుంది. రాలిన రకరకాల ఆకులు నేల తడిని కాపాడాయి. అక్కడి టేకులు కూడా రెండు మిల్లీమీటర్లు లావెక్కాయి.

జంగు కొలిచి వచ్చి రేంజరుకు ఉన్నమాటే చెప్పాడు. "టేకు తోట నిరుటికన్న సన్నవడ్డది సారూ."

రేంజరు నవ్వాడు. "చెట్టెక్కడన్న సన్నవడ్తదా జంగూ? టేపు సక్కగ పట్టలేదు నువ్వు. మల్ల పోయి కొల్వు."

మనిషి చిక్కితే కంగారుపడతారు. చెట్టు చిక్కిందంటే మాత్రం నమ్మరు.

పని పోతుందని జంగు బెదిరాడు. మళ్లీ టేకు తోటకు వెళ్లి, ప్రతి చెట్టు దగ్గరా నా కింద చిటికెన వేలు దూర్చి చుట్టాడు. నిరుటికన్నా అర సెంటీమీటరు ఎక్కువే చూపించాను. నాకు సిగ్గేసింది. పక్క అడవిని మాత్రం మళ్లీ కొలవలేదు. దాని లెక్క సరిగ్గానే ఉందిగా అనుకున్నాడు. కాగితం మీద టేకు తోట గెలిచింది.

కలగలుపు అడవి కొట్టేయమని ఆర్డరు వచ్చాక జంగు రేంజరు బల్లముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏలు వెట్టి కొల్సిన సారూ. తప్పు నాదే."

"గిప్పుడు చెప్తె ఏం జెయ్యాలె జంగూ," అన్నాడు రేంజరు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

రంపాలు వారం రోజులు పనిచేశాయి. పడిన దుంగలు కొలిచే పని జంగుకే అప్పజెప్పారు. ఇప్ప, తునికి, నల్లమద్ది, ఒక్కొక్కదాని పక్కనా గొంతుకూర్చుని నన్ను బిగించి చుట్టాడు. ఒక్క మిల్లీమీటరు కూడా తేడా రానివ్వలేదు.