నివ్వరి మూట

వీరాయమ్మకు ఆ పిల్ల మీద మొదట్లో ఒళ్లు మండింది. మండదూ మరి! చేలో ఊడ్చిన వరిని వదిలేసి, మురుగు కాలువ గట్టున దానంతటది మొలిచే అడవి వరి, ఆ నివ్వరి కోసం మోకాల్లోతు బురదలో దిగుతుంటే? ఆ గడ్డిని పీకీ పీకీ నడుం పడిపోయిన మనిషి ఈవిడ.

పిల్ల పేరు శ్రీవాణి. కొత్తపేట పిల్లే.

“పీహెచ్‌డీ అయిపోయిందన్నావు, మళ్లీ ఇదేం చదువే?” అంది వీరాయమ్మ.

“ఆయ్, దాని తర్వాతదండి మామ్మగారూ. కాలువలోకి సముద్రం ఎగదన్ని మీ వరి చచ్చిపోతోందా? ఈ నివ్వరి మాత్రం బతుకుతోంది. ఉప్పుకి ఎలా అలవాటు పడిందో దాని జన్యువుల్లో వెతుకుతున్నానండి. ఉప్పెక్కక ముందటి గింజ దొరికితే, ఇప్పటి గింజ పక్కన పెట్టి ఏం మారిందో తేల్చేద్దును. అదే దొరకట్లేదు. అయినా కలుపుగడ్డి గింజ ఎవరు దాస్తారండీ?”

 దాచింది వీరాయమ్మే.

ఋషిపంచమి వ్రతానికి నాగలి దున్నని నేలలో మొలిచిన గింజే తినాలి. వచ్చే ఏటి వ్రతానికని ఆయన కాలువలో దిగి, ఆ గింజల్ని పంచెలోకి దులిపి తెచ్చాడు. తొంభై ఆరు తుఫానుకి వారం ముందు సంగతి. తుఫాను సాయంత్రం గేదెల్ని విప్పడానికి చేలోకి వెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. ఆ వ్రతమూ చెయ్యలేదు, ఆ గింజా వండలేదు. రవికగుడ్డలో మూట కట్టి ఇత్తడి చెంబులో పెట్టుకుంది. ఆయన మీద బెంగ పుట్టినప్పుడల్లా ఆ మూట ముక్కుకి ఆనించుకుని కూచునేది. ఇన్నేళ్లూ అంతే.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు మూట తెచ్చి గట్టు మీద విప్పింది. పురుగు తినగా మిగిలినవి పాతిక గింజలు.

“మొలుస్తాయా?”

శ్రీవాణి అబద్ధమాడలేదు. “మొలవవండి. నూరి పొడి చెయ్యాలి. ఒక్కో గింజా ఒక్కో మొక్కకి సాక్ష్యం, అన్నీ కావాలి. తిరిగివ్వలేనండి.”

“మరి ఆయన తెచ్చినవని ఎక్కడా ఉండదా?”

“ఎందుకుండదండీ! ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు ఏరేరు, అన్నీ కవరు మీద రాస్తాను. తాతగారి పేరేంటండి?”

వీరాయమ్మ తల వంచుకుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడి పేరు పలికిన పాపాన పోలేదు. రేషన్ కార్డుకి కూడా పక్కింటివాళ్లే చెప్పారు. తుఫాను సాయంత్రం ఇదే గట్టున నిలబడి గొంతు చించుకుని “ఏవండోయ్” అనే అరిచింది. అటూ ఇటూ ఇంకో పదిమంది ఆడవాళ్లదీ అదే అరుపు. ఎవరి మొగుడికని వినపడుతుంది? పేరు పెట్టి పిలిచుంటే ఇటు తిరిగేవాడేమో. ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనలేదు.

“పోనీ పక్కింట్లో అడుగుతానండి,” అంది శ్రీవాణి.

“వద్దు. నేనే చెప్తాను.”

మూట పిల్ల చేతిలో పెట్టింది. “అప్పన్న,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పిల్ల కవరు మీద రాసుకుంటోంది. వీరాయమ్మ కాలువకేసి తిరిగి, ఈసారి గొంతెత్తి పిలిచింది.

“అప్పన్నా!”

నివ్వరి దుబ్బుల్లోంచి కొంగలు లేచాయి. ఇంకోసారి పిలిచింది. పిలిచి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటే చూసింది.