చిట్టచివరి సైకిల్

కాలు రాలేదు.

ఎర్ర దీపం పడగానే ముందున్న వాళ్లంతా సైకిళ్లు ఆపారు. నోరీన్ కూడా బ్రేకు నొక్కి ఎడమ మడమను బయటికి తిప్పింది. బూటు పెడల్‌ని వదల్లేదు. మళ్లీ తిప్పింది. వదల్లేదు. సైకిలు ఒక్క క్షణం అలాగే నిలబడి, తర్వాత తాపీగా ఎడమవైపుకు ఒరగడం మొదలుపెట్టింది. కింద తారు కనిపిస్తోంది. తారు మీద పగిలిన గాజుముక్క కనిపిస్తోంది. చేసేదేమీ లేదు. మోచెయ్యి ముందు తగిలింది, తర్వాత తుంటి, ఆ తర్వాత హెల్మెట్టు.

అందరూ గంటలు మోగించారు.

అది ఆ గుంపు ఆచారం. బూటు అడుగును పట్టేసుకునే క్లిప్ పెడల్స్ కొత్తగా వేసుకున్నవాళ్లు నిలబడ్డచోటే పడిపోతే, మిగతావాళ్లు సైకిల్ గంటలు మోగించి సన్మానం చేస్తారు. అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న ఆ డులూత్ ఊళ్లో సైకిల్ తొక్కే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఆ గంటలు విన్నవాళ్లే. కానీ నోరీన్‌కి వరసగా ఇది నాలుగో శనివారం. ఈసారి గంటలు కొంచెం నీరసంగా మోగాయి.

"లేవగలవా, మహాతల్లీ?" బెవ్ చెయ్యి అందించింది. "ఆ సిగ్నల్ దగ్గర నీ పేరుతో ఒక పరుపు వేయించాలి."

"రెండు వేయించు. కుడివైపు ఎప్పుడు పడతానో నాకే తెలీదు."

అందరూ నవ్వారు. గోర్డన్ నవ్వలేదు. శనివారం సవారీలు నడిపేది అతనే. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"చూడు నోరీన్. నువ్వు మధ్యలో ఉంటే ఎన్నిసార్లు పడ్డా నాకు ఇబ్బంది లేదు. కానీ నువ్వున్నది చివర. టైరు పగిలినవాడి కోసం ఆగాలి, దారి తప్పినవాడి కోసం ఆగాలి. ఆగడమే నీ పని. ఆ ఒక్కటే నీకు రావడం లేదు."

"తెలుసు."

"ఇవాళ ఇంకోసారి పడితే ఆ చొక్కా బెవ్‌కి ఇచ్చెయ్. కోపం తెచ్చుకోకు."

నోరీన్ ఒంటిమీది నారింజరంగు చొక్కా మీద దుమ్ము దులుపుకుంది. దాని జేబులు ఇంకా, ఆమెకి ముందు చివర తొక్కిన రేమండ్ చేతుల ఆకారంలోనే సాగి ఉన్నాయి.

ఆమెకి యాభై ఏడేళ్లు. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉంటుంది. ఆసుపత్రి లాండ్రీలో పని. సెగలు కక్కే దుప్పట్లు ఇస్త్రీ యంత్రంలోంచి బయటికొస్తుంటే అంచు పట్టుకుని మడిచి, పేర్చి, బండిలోకి తోస్తుంది. ముంజేతుల మీద నూగు ఎప్పుడో కాలిపోయింది. ఆమె మడిచిన దుప్పట్ల మీద పడుకున్నవాళ్లు ఊళ్లో వేలమంది ఉంటారు. వాళ్లలో ఒక్కరికీ ఆమె పేరు తెలీదు. ఆమెకి ఆ లోటు ఎప్పుడూ తోచలేదు.

సైకిల్ మొదలుపెట్టింది కారు చెడిపోయి. మొదటి శనివారం అందరికంటే వెనకబడింది. ఏడుపొచ్చేలా ఉన్న కొండ ఎత్తులో, పక్కన ఒక పొడుగాటి ముసలాయన నిమ్మళంగా తొక్కుతున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ముందుకు పోలేదు. కొండ ఎక్కాక మాత్రం, "నువ్వు చివర లేవు. నేనున్నాగా చివర" అన్నాడు. అదే రేమండ్ లహ్తి. అతను వెనకాల ఉండగా ఎవరూ ఒంటరిగా మిగిలిపోలేదు. వానలో, మంచులో, సరస్సు మీదినుంచి వచ్చే కోతగాలిలో, అందరి వెనకా ఆ నారింజ చొక్కా.

ఈ వేసవి చివర్లో అతని ఊపిరితిత్తులు మొరాయించాయి. చొక్కా నోరీన్‌కి ఇచ్చాడు. ఆమె పాత పెడల్స్ వానలో జారుతున్నాయని, తన సైకిల్ పెడల్స్ కూడా ఇస్తానన్నాడు. "స్ప్రింగులు నాకు తగ్గట్టు బిగించి ఉన్నాయి. వదులు చేసిస్తా. నువ్వు ముట్టుకోకు" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆమె వెళ్లేసరికి అతను నిద్రపోతున్నాడు. భార్య ఐలీ పెడల్స్‌ని రొట్టెల సంచిలో పెట్టి గుమ్మం దగ్గరే ఇచ్చింది.

అప్పట్నుంచీ ప్రతి శనివారం సవారీ చివర నోరీన్ ఆ ఇంటి ముందు ఆగుతుంది. నిలువుగా ఎక్కే వీధి అది. పై కిటికీలో కుర్చీ వేసుకుని రేమండ్ చూస్తుంటాడు. అందరూ క్షేమంగా వచ్చారనడానికి ఆమె చెయ్యెత్తుతుంది. ఇప్పటిదాకా వీధి మొదట్లోనే దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లింది. "మోకాలు నొప్పి" అని అబద్ధం చెప్పింది. పడుతున్నట్టు అతనికి చెప్పొద్దని గుంపులో అందరి దగ్గరా మాట తీసుకుంది. పోయినవారం అతను కిటికీలోంచి బొంగురుగా అడిగాడు: "వచ్చేవారం తొక్కుకుంటూ వచ్చి ఆగుతావా?" ఆగుతానంది.

ఇవాళే ఆ వారం.

సరస్సు ఒడ్డు రోడ్డులో, గుంపు చాలా ముందుకు వెళ్లిపోయాక, డ్వేన్ అనే కొత్తాయన టైరు పగిలింది. నోరీన్ ఆగాలి. మడమ తిప్పింది. ఈసారి బూటు వెన్నలోంచి కత్తిలా వచ్చేసింది.

ఆమెకి ఒళ్లు మండింది. ఇందాక రానిది ఇప్పుడెలా వచ్చింది?

"నా వల్ల అందరికీ ఆలస్యం," డ్వేన్ నసిగాడు.

"నీ పని నువ్వు కానీ. నాకూ ఒక పనుంది."

గడ్డిలో కూర్చుని ఎడమ బూటు విప్పింది. దాని అడుగునున్న ఇనపముక్కను చేత్తోనే పెడల్‌లోకి నొక్కి తిప్పింది. తేలిగ్గా ఊడింది. లాండ్రీలో దుప్పట్ల మీద గుర్తు పెట్టే పెన్ను జేబులోనే ఉంది. పెడల్ ఆ మొహం మీద ఒక చుక్క పెట్టింది. పెడల్‌ని తిరగేసింది. రెండో మొహంలో బూటు నొక్కి తిప్పింది. రాలేదు. రెండు చేతులూ వేసింది. పళ్లు బిగించింది. అప్పుడు టక్కుమని ఊడింది.

చుక్క ఉన్న వైపు వదులు. లేని వైపు బిగుతు. పెడల్‌కి రెండు మొహాలు, ఒక్కో మొహానికి ఒక్కో స్క్రూ. కాలి కిందకి ఏ మొహం వస్తే ఆ అదృష్టం. కుడి పెడల్ చూసింది. అక్కడా అంతే.

"నాలుగు స్క్రూల్లో రెండే వదులు చేశారు," పైకే అంది.

"ఎవరు?" డ్వేన్ అడిగాడు.

అదే ప్రశ్న. రేమండ్ కాదు. రేమండ్ బిగించినదాన్ని ఆ ఊళ్లో ఎవరూ రెండోసారి చూడరు. అందుకే ఇన్ని వారాలూ తప్పు ఆమె కాలిదే అనుకున్నారు గానీ, పెడల్ వైపు ఒక్కరూ కన్నెత్తి చూడలేదు. ఆమె కూడా చూడలేదు. మరి ఇంకెవరు ముట్టుకున్నారు? గోర్డన్! రెండో శనివారం ఆమె బూట్లు తీసుకుని ఏదో బిగించాడు.

సంచిలోంచి ఆరు పలకల చిన్న ఇనప పనిముట్టు తీసి, మిగిలిన రెండు స్క్రూలనూ తనే తిప్పింది. చుక్క వైపుతో సరిపోయేదాకా తిప్పి, నొక్కి, ఊడదీసి చూసుకుంది.

వెనక్కి మళ్లే చోట చిన్న దుకాణం ఉంది. గుంపంతా మెట్ల మీద బెర్రీ పళ్లు కూరిన తీపిరొట్టె తింటోంది. నోరీన్ వచ్చి, ఆగి, కాలు దించింది. అందరూ పక్కన ఆనించిన సైకిళ్ల గంటల మీదికి చాచిన చేతులు వెనక్కి తీసుకున్నారు.

"గోర్డన్, నా పెడల్స్ ముట్టుకున్నావా?"

"బూటు అడుగున మరలు బిగించా. పెడల్ జోలికి పోలేదు."

"నిజం చెప్పు. చొక్కా బెవ్‌కి ఇప్పించాలని ఉందేమో."

"నాకొద్దు బాబోయ్!" బెవ్ నోట్లో ముద్దతోనే అరిచింది. "మీ అందరి వీపులు చూస్తూ బతకడం నా వల్ల కాదు."

గోర్డన్ మొహం ఎర్రబడింది. "రేమండ్ పెట్టిన స్ప్రింగుని నేను కదుపుతానా? నాకేమైనా పిచ్చా?"

ఆ మాట నిజమేనని ఆమెకి తెలిసిపోయింది. ఎవరో ఇచ్చిన తీపిరొట్టె ముక్క నిలబడే తినేసి, అందరూ బయల్దేరాక వెనక బయల్దేరింది.

గుంపు ఎప్పట్లాగే రేవు దగ్గర కాఫీకి వెళ్లిపోయింది. నోరీన్ ఒక్కతే కొండవీధి వైపు తిరిగింది. ఈసారి దిగలేదు. తొడలు మండుతున్నాయి. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతోంది. ఈ ఏటవాలులో కాలు రాకపోతే పడ్డం ఒక్కటే కాదు, కిందిదాకా జారిపోవాలి. పచ్చరంగు ఇల్లు వచ్చింది. బ్రేకు నొక్కింది. మడమ తిప్పింది.

కాలు నేల మీద ఉంది. నిటారుగా నిలబడి ఉంది. చెయ్యెత్తి పైకి చూసింది.

కుర్చీలో ఎవరూ లేరు.

ఐలీ తలుపు తీసుకుని మెట్ల మీదికి వచ్చింది. చలికోటు వేసుకోవడం కూడా మర్చిపోయినట్టుంది.

"పొద్దున్నే పోయాడు, నోరీన్. మీరు బయల్దేరే వేళకి. కాఫీ తెస్తానని కిందకి వెళ్లా. అంతే."

నోరీన్ ఎత్తిన చెయ్యి దించడానికి కొంచెంసేపు పట్టింది.

లోపల వంటింట్లో ఇద్దరూ కూర్చున్నారు. ఐలీ రొట్టె కోసి పెట్టింది, ఎవరూ ముట్టలేదు.

"నువ్వు ఎక్కుతూ వచ్చి ఆగడం కిటికీలోంచి నేను చూశా," అంది ఐలీ. "ఆయన చూడాల్సింది. పెడల్స్ బాగున్నాయిగా?"

ఇంక దాచడానికి ఎవరున్నారు? నోరీన్ అంతా చెప్పింది. నాలుగు వారాలు పడ్డ సంగతి, గంటలు, చుక్క, రెండు వైపులు.

"గోర్డన్ కాదు. ఎవరో నాకు అర్థం కావడం లేదు. రేమండ్ సగం పని చెయ్యడుగా."

కప్పు పట్టుకున్న ఐలీ చెయ్యి ఆగిపోయింది.

"ఎన్ని మిగిలాయన్నావు?"

"రెండు."

ఐలీ కప్పు బల్ల మీద పెట్టేసింది. బయట ఎవరిదో కారు కష్టపడుతూ ఎత్తెక్కింది.

"ఆ రోజు ఈ బల్ల దగ్గరే కూర్చుని చేశాడు. రెండు తిప్పేసరికి ఊపిరందక పడుకున్నాడు. నువ్వొచ్చావు. అయిపోయాయనుకుని సంచిలో వేసి ఇచ్చేశా. అప్పట్నుంచీ, 'ఇంకా రెండున్నాయి ఐలీ, ఇంకా రెండున్నాయి' అంటూనే ఉన్నాడు. నిన్న రాత్రి కూడా అన్నాడు. మందు మత్తులో ఏదో కలవరిస్తున్నాడనుకుని, సరేలే పడుకో అన్నా."

"ఐలీ..."

"ఆయన కాదు నోరీన్, గోర్డనూ కాదు. నేను. నిన్ను పడేసింది నేను."

నోరీన్ బల్ల మీదుగా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ రెండూ ఇవాళ నేను తిప్పేశా. పని పూర్తయింది."

మేడమీద, ఖాళీ కుర్చీ పక్కన కిటికీ గట్టు మీద, చేతికి అందేంత దూరంలో, పెడల్ స్క్రూలు తిప్పే ఆరు పలకల చిన్న ఇనప పనిముట్టు ఒకటి ఎండలో పడి ఉంది.